ఏడుకూ ఎనిమిదికీ నడుమ అడ్డుతలుపు

దేవదాసు ఏదో దాస్తున్నాడని యమున మొదటి ప్రశ్నకే పసిగట్టింది. మనిషి చెడ్డవాడు కాదు, అబద్ధమాడటం రానివాడు, అంతే. రాని పని నెత్తికెత్తుకుంటే చెమటలు పట్టక ఏం పడతాయి? పైన ఫ్యాను గిర్రున తిరుగుతున్నా ఆ లాడ్జి యజమాని తువ్వాలు మెడ దిగడం లేదు.

"మల్లొక్కసారి చెప్పు దేవదాసన్నా. ఎనిమిదో గదికి తాళం ఉండెనా, లేకుండెనా?"

"ఉండె మేడం. ఉండకేం."

"నేను వచ్చేటప్పుడు చూసిన. గొళ్లెం బోసిగ ఉన్నది. మరి ఆ తాళం యాడికి పోయింది?"

దేవదాసు తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మూడో గది తాళం చెడిపోయింది మేడం. ఎనిమిది తాళం తీసి దానికేసిన. ఎనిమిదిల నల్లా పగిలింది, దాన్ని ఎట్లాగూ ఎవరికీ ఇస్తలేను గద అనుకున్న. తలుపు గుంజితే దానంతటదే పడ్తది. బయటికెల్లి తెరువాలంటే తాళంచెవి కావాలె. ఆ చెవి నా కౌంటర్ల భద్రంగనే ఉండె."

"లోపలికెల్లి?"

"లోపలికెల్లి అయితే... చిన్న పిల్లగాడు సుత తీయొచ్చు."

"అంటే ఎనిమిదో గదిలకు ఎట్లనో ఒకతీరు వచ్చినోడు, తలుపు తీసుకొని సక్కగ మెట్లు దిగి పోవచ్చు. మరి పోలీసులకేం చెప్పినవు?"

"తాళం ఉండెనని చెప్పిన. లైసెన్సు పోతదని భయమైంది మేడం."

యమునకు ఒళ్లు మండిపోయింది. లాడ్జి లైసెన్సు కోసం సొంత అక్క కొడుకు మెడకు ఉరి బిగిస్తున్నాడు ఈ పెద్దమనిషి. పైగా ప్రైవేటు డిటెక్టివు అయిన తనను హైదరాబాదు నుంచి ఫోను చేసి పిలిపించిందీ ఇతనే. కుర్చీలోంచి లేచి నాలుగు దులిపేద్దామనుకుంది కానీ, అద్దాల తలుపు అవతల వాకిలి మెట్ల మీద కూర్చున్న అతని అక్క రంగమ్మ కనబడి ఊరుకుంది. ఇటిక్యాలలో కూలి పని చేసుకునే రంగమ్మకు ఈ లాడ్జిలో పనిచేస్తూ జీపు తోలే యేసుబాబు ఒక్కడే కొడుకు. పొద్దున వాడి చేతులకు సంకెళ్లు వేసి తీసుకుపోయినప్పటి నుంచీ ఆమె ఆ మెట్టు మీది నుంచి కదల్లేదు. మంచినీళ్లు కూడా ముట్టలేదట.

కృష్ణా పుష్కరాలు జరుగుతున్న రోజులవి. గద్వాలలో ఏ లాడ్జి చూసినా జనం కిటకిటలాడుతున్నారు. లింగాల నుంచి వచ్చిన లలితమ్మ అనే విధవరాలు రెండో అంతస్తులో ఏడో గదిలో దిగింది. నిన్న పొద్దున బీచుపల్లి రేవులో స్నానం చేసి వచ్చింది. ఈ పొద్దున ఎంత పిలిచినా తలుపు తీయలేదు. గడియ విరగ్గొట్టి చూస్తే మంచం మీద శవమై ఉంది. మొహం మీద దిండు అదిమి చంపేశారు. మెడలో గొలుసు లేదు. తలుపుకు లోపలి గడియ వేసినది వేసినట్టే ఉంది.

లోపలి గడియ ఉన్న గదిలోంచి హంతకుడు ఎలా బయటపడ్డాడు? దానికి జవాబు దేవదాసు సరదా పడి కట్టించుకున్న బాల్కనీలోనే ఉంది. దేవదాసు ఎనిమిదేళ్లు సముద్రం మీద తిరిగే పెద్ద షికారు ఓడలో గదులు ఊడ్చే పని చేశాడు. ఆ ఓడలో గది గదికీ ఒక బాల్కనీ, బాల్కనీకీ బాల్కనీకీ నడుమ నిలువెత్తు అడ్డుతలుపు. ఒకే కుటుంబం వాళ్లు పక్కపక్క గదులు తీసుకుంటే, పనివాడు చదరపు చెవి పెట్టి ఆ అడ్డుతలుపు తీసేవాడు. రెండు బాల్కనీలూ కలిసి ఒక వరండా అయిపోయేది. తిరిగొచ్చి లాడ్జి కట్టినప్పుడు అచ్చం అలాంటివే పెట్టించాడు. గద్వాలకు సముద్రం ఎక్కడిదయ్యా అని మేస్త్రీ నవ్వినా వినలేదు. పెళ్లివాళ్లకు ఆ ఏర్పాటు తెగ నచ్చేది.

ఇప్పుడు ఆ సరదాయే కొంప ముంచింది. పక్కనున్న ఎనిమిదో గది ఖాళీ, దాని బాల్కనీ తలుపుకు గడియ కూడా వేసి లేదు. అడ్డుతలుపు తీసే చదరపు చెవి లాడ్జిలో ఒక్కటే ఉంది, అది యేసుబాబు మొలతాడుకు దొరికింది. పోలీసులకు ఇంతకంటే ఏం కావాలి?

"ఆ చెవి ఎప్పుడూ యేసుబాబు కాడనే ఉంటదా?" అడిగింది యమున.

"పొద్దుమూకినంక మొలకు కట్టుకుంటడు. పగలు జీపు తోల్కపోతే మెట్ల కింద మేకుకు తగిలిచ్చి పోతడు."

"నిన్న ఎప్పుడు పోయిండు?"

"లలితమ్మ స్నానం చేసొచ్చిన ఎంబడే. యాత్రికులను బీచుపల్లికి దించనీకి పోయి ఆడ జామ్‌ల ఇరుక్కున్నడు. దీపాలు పెట్టే యాళ్లకు వచ్చిండు."

"అడ్డుతలుపు ఎవరడిగితే వాళ్లకు తీస్తరా?"

"తీయం మేడం. ఓడ మీద నేర్చిన పద్ధతే ఈడ సుత. రెండు గదులోళ్లు ఒప్పుకోవాలె, నాకు చెప్పాలె. అప్పుడే తీయాలె. పుష్కరాలు మొదలైనంక ఒక్కటి సుత తీయలే. ప్రమాణం చేస్త."

ఈసారి అతను అబద్ధమాడటం లేదని యమునకు అనిపించింది. "మేకు మీది చెవి ముట్టుకునేటోళ్లు ఇంకెవరు?"

"ఎవరున్నరు మేడం. నేను, యేసుబాబు పెండ్లాం రేణుక. అది గదులు ఊడుస్తది. ఇంత సేపు ఈడనే ఉండె, మొగనికి బువ్వ డబ్బా కట్టుకొని టేషనుకు పోతనని ఇప్పుడే పోయింది."

రేణుక రాగానే తన దగ్గరికి పంపమని చెప్పి యమున మెట్ల వైపు నడిచింది. పై మెట్టు మీద తెల్ల లాల్చీ వేసుకున్న మనిషి ఎదురయ్యాడు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. లలితమ్మ మరిది మధు. గద్వాలలో చీరల దుకాణం అతనిది, అందరూ సేటు అంటారు.

"నమస్తే మేడం. మా వదిన శవాన్ని ఎప్పుడిస్తరో సీఐ సారును జర అడుగుతరా? డాక్టర్లంత పుష్కరాల క్యాంపుల ఉన్నరంట. పోస్టుమార్టం రేపటికి పోతదంటున్నరు."

"అడుగుత. నిన్న ఆమెను మీరెప్పుడు చూసిన్రు?"

"రేవు కాడ. స్నానమైనంక కొత్త చీర పెట్టిన, మా ఇంటి పద్ధతి. నా కార్లనే తెచ్చి ఈ గేటు కాడ దింపిన. దుకాణం తెరవాలె కద, అట్నే పోయిన. మెట్లెక్కి ఒక్కసారి గది చూసి పోయినా బాగుండు." మధు చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "రేపు వనపర్తి కోర్టుల సాక్ష్యం ఉండె ఆమెకు. దానికే వచ్చింది పాపం."

ఆ సంగతి యమునకు తెలుసు. మూడేళ్ల కిందట మధుకూ అతని అన్నకూ ఉమ్మడిగా ఉన్న మగ్గాల షెడ్డు కాలిపోయింది. బయట గొళ్లెం పెట్టి ఉండటంతో లోపలున్న ఇద్దరు నేతగాళ్లు బయటపడలేక చనిపోయారు. గొళ్లెం పెట్టింది కాపలావాడేనని కేసు. గొళ్లెం ఎవరు పెట్టారో కళ్లారా చూశానని, అది కోర్టులోనే చెబుతానని లలితమ్మ ఈ మధ్యనే లాయరుకు కబురు పంపింది. ఎవరి పేరు చెప్పబోతుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"ఇంకో మాట మేడం," అన్నాడు మధు. "ఆ యేసుబాబు గిట్ల చేసిండంటే నా మనసు ఒప్పుకుంటలేదు. వానికి నేనే వకీలును పెడ్త. వాని పెండ్లాం మొఖం చూస్తే నాకు బువ్వ దిగుతలేదు."

చచ్చింది తన వదిన. అయినా పట్టుబడ్డవాడి కోసం ఇంత జాలిపడే మనిషిని యమున ఈ మధ్య కాలంలో చూడలేదు. నిజంగానే ఆమెకు అతని మీద గౌరవం కలిగింది. దండం పెట్టి ముందుకు నడిచింది.

ఏడో గది గుమ్మంలో సీఐ శ్రవణ్ కుమార్ నిలబడి ఉన్నాడు. పుష్కరాల బందోబస్తుకని వచ్చిన ఆఫీసరు. ఇద్దరికీ పాత పరిచయమే, అదీ మంచి పరిచయం కాదు. యమున ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసే రోజుల్లో, నాగర్‌కర్నూలు దగ్గర ఒకతను లారీ గుద్ది చనిపోయాడని ఇతను మూసేసిన కేసును తవ్వి హత్య అని తేల్చింది. దానికి శ్రవణ్ కుమార్ పై అధికారుల చేత చీవాట్లు తిన్నాడు. అది అతను మరిచిపోలేదు, మరిచిపోయినట్టు నటించనూ లేదు.

"రండి మేడం రండి. ఏ కంపెనీ తరఫున? లాడ్జికి ఇన్సూరెన్సు ఉందా?"

"యేసుబాబు తరఫున, సీఐ గారు."

"అయితే ఫీజు ముందే తీసుకోండి. సాయంత్రం రిమాండుకు పంపుతున్నా. తర్వాత ఆయన్ని కలవాలంటే మహబూబ్‌నగర్ జైలుకు పోవాల్సి ఉంటుంది." అతను పక్కకు జరిగాడు. "చూసుకోండి. మా పని అయిపోయింది. ఏదీ ముట్టుకోకండి."

లోపల మహిళా కానిస్టేబులు భీమమ్మ కిటికీ పక్కన నిలబడి ఉంది. మంచం మీద దుప్పటి ఒక పక్కకు గుంజుకుపోయి ఉంది. కుర్చీలో నేరేడు రంగు నూలు చీర, ఎర్రటి పట్టు అంచుది, చక్కగా మడత పెట్టి ఉంది. మంచం కింద గుడ్డసంచి, పక్కనే దుకాణం కాగితంలో చుట్టిన కొత్త చీర.

"ఆమె ఎప్పుడు చచ్చిపోయిందని మీ లెక్క?"

"దీపాలు పెట్టిన తర్వాత. రాత్రి."

"పోస్టుమార్టం కాకుండనేనా?"

శ్రవణ్ కుమార్ కుర్చీ వైపు చూపించాడు. "ఆ చీర చూడండి. రేవులో కట్టుకొని మునిగిన చీర అదే. పొద్దున తడిది తెచ్చి బాల్కనీలో ఆరేసింది, కింద టీ కొట్టు వాళ్లు చూశారు. ఆరిపోయాక తెచ్చి మడత పెట్టింది. మన ఆడవాళ్లు దీపాలు పెట్టే వేళకు బట్టలు లోపలికి తెచ్చుకుంటారు, నాకు తెలుసు కదా. అంటే ఆ వేళకు బతికే ఉంది. యేసుబాబు జీపు వేసుకొని వచ్చింది సరిగ్గా ఆ వేళకే. రాత్రి ఎనిమిదో గదిలోంచి అడ్డుతలుపు తీసుకొని వచ్చాడు, చంపాడు, గొలుసు లాక్కొని వచ్చిన దారినే పోయాడు. అంతే కథ."

"గొలుసు దొరికిందా?"

"దొరుకుతుంది. నాలుగు తగిలిస్తే వాడే చూపిస్తాడు."

యమున బాల్కనీ తలుపు తీసుకొని బయటికి వెళ్లింది. చిన్న బాల్కనీ, నిలువునా ఒక మనిషి పడుకుంటే సగం నిండిపోతుంది. ఎడమ గోడకు ఒక ఇనుప కొక్కెం ఉంది. కుడివైపు అడ్డుతలుపు మూసి ఉంది. నేల మీద తెల్లటి బండలు. ఆ బండల మీద కొక్కెం కింది నుంచి మొదలై వరసగా నేరేడు రంగు చుక్కలు. ఎండిపోయి చిన్న చిన్న మరకలయ్యాయి.

"పాన్ మరకలు," అన్నాడు వెనక నుంచి శ్రవణ్ కుమార్. "యాత్రికులు ఎక్కడపడితే అక్కడ ఉమ్ముతారు."

"పాన్ ఉమ్మినోడు గీత గీసినట్టు ఉమ్మడు సారూ."

చుక్కల వరస నేరుగా వచ్చి అడ్డుతలుపు అడుగున ఆగిపోయింది. ఆగిపోయిందా, లేక లోపలికి దూరిందా? యమున మోకాళ్ల మీద కూర్చుని నేలకు చెంప ఆనించి చూసింది. లేచి చెయ్యి చాపింది.

"చదరపు చెవి మీ జేబుల ఉన్నది కద. జర ఈ తలుపు తీయండి."

"ఎందుకు?"

"తీస్తే మీకు పోయేదేమీ లేదు. తీయకపోతే, సీఐ గారు తీయలేదని రేపు కోర్టుల చెప్త."

శ్రవణ్ కుమార్ దవడ బిగించాడు. అయినా తీశాడు. చెవి తిప్పగానే అడ్డుతలుపు కిర్రుమంటూ గోడ వైపుకు మడుచుకుపోయింది. దాని అడుగున నేలకు బిగించిన వెండి రంగు రేకు పట్టీ ఉంది, తలుపు మూసినప్పుడు సరిగ్గా ఆ పట్టీ మీద కూర్చుంటుంది. ఆ పట్టీ నడుమ రెండు నేరేడు రంగు చుక్కలు ఉన్నాయి. అవతల ఎనిమిదో గది బాల్కనీ బండల మీద కూడా అదే వరస, ఆ చివరి గోడకున్న కొక్కెం దాకా.

శ్రవణ్ కుమార్ వంగి ఆ పట్టీ మీది చుక్కలు చూశాడు.

"రంగు దిగే చీర అది," అంది యమున. "దాన్ని మడతేసి ఆరేస్తే నేరేడు రంగు పోయి పట్టు అంచుకు అంటుకుంటది, చీర ఖరాబైతది. చీరల ఇంట్ల కాపురం చేసిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాల్నా? నిలువునా పరిచి ఆరేయాలె. ఒక్క బాల్కనీ చాలదు. అందుకే అడ్డుతలుపు తీయించింది. ఈ కొక్కెం నుంచి ఆ కొక్కెం దాకా చీర రెండు కొసలు కట్టింది. చీర తడిగ ఉన్నప్పుడు ఈ తలుపు తెరిచి ఉంది సీఐ గారు. రాత్రి కాదు, పట్టపగలు. దొంగతనంగా కాదు, ఆమె అడిగితేనే."

"అయితే ఏంటి? యేసుబాబే తీసి ఉంటాడు."

"ఆమె రేవు నుంచి వచ్చిన ఎంబడే యేసుబాబు జీపు తోల్కపోయిండు. ఆ జీపుల ఎవరున్నరో మీరడిగిన్రా?"

వెనక నుంచి భీమమ్మ నెమ్మదిగా అంది, "మన కానిస్టేబులే ఉండె సార్. బందోబస్తుకు ఆ జీపులనే పోయిండు. పొద్దుమూకేదాకా ఆడనే ఇరుక్కున్నరు."

"నిన్నెవరడిగారు?" అన్నాడు సీఐ. తర్వాత యమున వైపు తిరిగాడు. "సరే, పగలు తలుపు తెరిచే ఉందనుకుందాం. నాకు దాంతో ఏం పని? సాయంత్రం దాకా బతికే ఉంది. చీర మడత పెట్టుకుంది. ఆ తర్వాత యేసుబాబు వచ్చాడు. మీరు ఎన్ని చుక్కలు చూపించినా ఆ చీర అక్కడే ఉంది మేడం."

అదీ నిజమే. యేసుబాబు మెడకు చుట్టుకున్న తాడల్లా ఇప్పుడు ఆ మడత పెట్టిన చీరే. యమున లోపలికి వచ్చి కుర్చీ ముందు నిలబడింది. ముట్టుకోకుండా వంగి చూసింది. చీర కొసల్లో రెండు మూలలు కొక్కేలకు ముడివేసిన చోట నలిగి ఉన్నాయి. మిగతా చీరంతా ఇస్త్రీ చేసినట్టుగా మడత మీద మడత సమంగా కూర్చుంది. అంచు బయటికి కనబడేలా, కొంగు మీది జరీ మొత్తం పైకి వచ్చేలా మడిచి, చివరి కొసను లోపలికి దోపి ఉంది. చూసేవాళ్లకు కొనాలనిపించేలా ఉంది. అక్కడే ఆమె చూపు ఆగిపోయింది.

"భీమమ్మా, నీ బ్యాగుల చీర ఉన్నదా?"

"డ్యూటీ అయినంక కట్టుకోనీకి ఒకటున్నది మేడం."

"దాన్ని ఇప్పి మల్ల మడతపెట్టు. ఇంట్ల ఎట్ల పెడ్తవో అట్లనే."

"ఇదేం నాటకం?" అన్నాడు శ్రవణ్ కుమార్. అయినా ఆపలేదు. భీమమ్మ బిడియపడుతూనే చీర విప్పింది. గడ్డం కింద ఒక అంచు అదిమిపట్టి సగానికి మడిచింది, మళ్లీ సగానికి. చేతి మీద వేసుకొని కొంగును లోపలికి పెట్టి మూరెడు మడత చేసి మంచం అంచున పెట్టింది.

"కొంగు లోపలికెందుకు పెట్టినవు?"

"దుమ్ము పడకుండ మేడం. జరీ నల్లబడ్తది కద. అందరు గట్లనే పెడ్తరు."

"సీఐ గారు, ఇప్పుడు లలితమ్మ సంచి మీరే తీయండి. నేను ముట్టుకోను."

శ్రవణ్ కుమార్ సంచి బోర్లించాడు. రెండు పాత చీరలు బయటపడ్డాయి. రెండింటికీ కొంగు లోపలే ఉంది. భీమమ్మ మడిచిన చీరకూ వాటికీ తేడా లేదు.

"ఇప్పుడు ఆ కాగితంల చుట్టిన కొత్త చీర."

అతను ఈసారి అడక్కుండానే కాగితం విప్పాడు. కొత్త చీర, దుకాణంలోంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. అంచు బయటికి, కొంగు పైకి, చివరి కొస లోపలికి దోపి. కుర్చీలో ఉన్న నేరేడు రంగు చీర పక్కన దాన్ని పెట్టాడు. రెండూ ఒకే చేయి మడిచినట్టున్నాయి. శ్రవణ్ కుమార్ చేయి కాగితం మీదే ఉండిపోయింది.

"చంపినోడు ఈ తలుపుకు లోపల గడియ వేసిండు," అంది యమున. ఆమె గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "బాల్కనీ మీదుగా ఎనిమిదో గదిలకు పోయి, అక్కడి తలుపు తీసుకొని మెట్లు దిగిపోవాలె. దేవదాసు మీకు అబద్ధం చెప్పిండు, ఎనిమిదికి తాళం లేకుండె. కానీ పోయే ముందు అడ్డుతలుపు మూయాలె, లేకుంటే దారి అందరికీ కనబడ్తది. మూయనీకి చెవి అక్కర్లేదు, తోస్తే పడ్తది. అడ్డమొచ్చింది చీర. రెండు బాల్కనీల నడుమ కట్టి ఉంది. అది తీస్తే గాని తలుపు పడదు. తీసిండు. వేరేటోడైతే ముద్దచేసి మంచం మీద పారేసి పోతుండె. ఈ మనిషి చేతులకు ఆ అలవాటు లేదు. దినాం వంద చీరలు ఇప్పి చూపించి మల్ల మడిచే చేతులు. ప్రాణం తీసిన చేతులతోనే చీర మడతపెట్టిండు."

"లలితమ్మే దుకాణం మడత పెట్టి ఉండొచ్చు," అన్నాడు శ్రవణ్ కుమార్. కానీ అతని గొంతులో ఇందాకటి బిరుసు లేదు.

"ఆమె మడత మీ ముందే ఉన్నది, ఆ రెండు చీరలల్ల. దీపాలు పెట్టేదాకా బతికుంటే చీర ఆమే తెచ్చుకుంటుండె, ఆమె తీరుగనే మడతపెట్టుకుంటుండె. తెచ్చుకోలేదంటే ఆ వేళకు ఆమె లేదు. అప్పటిదాకా యేసుబాబు యాడున్నడో మీ కానిస్టేబులే సాక్షి."

సీఐ మంచం అంచున కూర్చోబోయి, అది శవం ఉన్న మంచమని గుర్తొచ్చి లేచాడు. యమునకు అతని మీద మొట్టమొదటిసారి జాలేసింది. తప్పు చేశానని తెలుసుకున్నవాడి మొహం అది. జేబులోంచి ఫోను తీశాడు.

"నేనే మాట్లాడుతున్నా. యేసుబాబు రిమాండు కాగితాలు ఆపండి... చెప్పింది చెయ్యండి, తర్వాత చెబుతా." ఫోను పెట్టేసి యమున వైపు చూశాడు. "మధు సేటు. మెట్లే ఎక్కలేదని వాంగ్మూలం ఇచ్చాడు నాకు. షెడ్డుకు గొళ్లెం పెట్టింది కూడా అతనే అయ్యుంటాడంటారా?"

"రేపు పొద్దున లలితమ్మ చెప్పబోయిన పేరు అదే. అందుకే రేపటిదాకా ఆగలేదు."

"చుక్కలు, మడతలు చూపించి సేటును లోపలెయ్యలేను మేడం. లాయర్లు నన్ను ఉతికి ఆరేస్తారు. అతను ఈ గదిలోకి వచ్చాడని కళ్లారా చూసినవాళ్లు కావాలి."

"ఉన్నరు. అడ్డుతలుపు తానంతట తాను తెరుచుకోలే. యేసుబాబు లేడు, దేవదాసు తీయలే. మిగిలింది రేణుక. లలితమ్మ అడిగితే మేకు మీది చెవి తెచ్చి తీసింది ఆ పిల్లనే. ఆ టైంల ఈ గదిల ఇంకెవరున్నరో ఆమెకే తెలియాలె. చెవి నేనే తీసిన అని చెప్తే మొగని మీద ఇంకింత అనుమానం వస్తదని నోరు మూసుకొని ఉంటది."

శ్రవణ్ కుమార్ అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నాడు. మధును పట్టుకురమ్మని కింద కానిస్టేబుళ్లకు కేక వేశాడు. కింద మధు లేడు. దుకాణానికి మనిషిని పంపించారు.

యమున మెట్లు దిగి రంగమ్మ పక్కన కూర్చుంది. ఎవరికైనా ఒక మంచి మాట చెప్పే అవకాశం ఈ ఉద్యోగంలో చాలా తక్కువగా వస్తుంది. ఆ ముసలి చేయి తన చేతుల్లోకి తీసుకుంది.

"నీ కొడుకును ఇడిచిపెడ్తున్నరు అవ్వా. వాడు ఏ తప్పు చేయలేదని సీఐ సారుకు సమజైంది."

రంగమ్మ ఆమె మొహం వంక తేరిపార చూసింది. నమ్మాక ఏడ్చింది. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. కొంగుతో కళ్లు ఒత్తుకొని, "ప్రభువు మా దిక్కు చూసిండమ్మా," అంది. "సేటు సుత గదే అన్నడు. నీ కొడుకు సాయంత్రం వరకు ఇంటికొస్తడు, పరేషాన్ కాకు అన్నడు. దేవుడసొంటి మనిషి."

యమున చేయి రంగమ్మ చేయి మీద బిగుసుకుంది.

"సేటు నీతోని ఎప్పుడు మాట్లాడిండు?"

"ఇంతకుముందేనమ్మా. నువ్వు పైకి పోయినంక కిందికి దిగొచ్చిండు. రేణుక బువ్వ డబ్బా పట్టుకొని టేషనుకు పోతుండె. వకీలును పెడ్త, ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా అని అడిగిండు. అది ఏడ్చుకుంట అంత చెప్పింది. ఏడో గది పెద్దమ్మ చీర ఆరేయనీకి జాగ చాలుతలేదంటే ఆ అడ్డం నేనే తీసిన సేటూ, అప్పుడు నువ్వు సుత గదిల కుర్చీ మీద కూసున్నవు గద, నీకు యాదికున్నది గద, మా ఆయన తీయలేదని జర పోలీసోళ్లకు నువ్వన్న చెప్పు అని కాళ్లు మొక్కింది."

"ఆయన ఏమన్నడు?"

"యాదికున్నది బిడ్డా అన్నడు. వకీలు వనపర్తిల ఉన్నడంట, ఈ మాట ఆయన ముందట చెప్తే సాలంట. కార్ల కూసోమన్నడు."

సీఐ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. యమున అడిగింది.

"ఇంకేమన్న అడిగిండా అవ్వా?"

"అడిగిండమ్మా, మంచి మాటనే. నన్ను చూసినట్టు ఇంకెవరికన్న చెప్పినవా అని అడిగిండు. లేదు సేటూ, నీకే చెప్తున్న అన్నది. అయితే బండెక్కు అన్నడు."